మైకు అక్కర్లేని గొంతు

బహదూర్ గొంతుకు మైకు అక్కర్లేదని నంద్యాల చుట్టుపక్కల నలభై ఏళ్లు చెప్పుకున్నారు. రాజు వేషం కట్టి ఆయన పద్యం ఎత్తుకుంటే అందరికన్నా వెనక కూర్చున్నవాడు కూడా వన్స్‌మోర్ అని కేకేసేవాడు. ఇప్పుడు ఆస్ట్రేలియాలో, ట్రుగనీనాలో కూతురు నఫీసా ఇంట్లో ఉండగా ఆ గొంతులోనే క్యాన్సర్ బయటపడింది. మూడు వారాల్లో స్వరపేటిక తీసేయాలన్నారు డాక్టర్లు. తీసేశాక మాట ఉండదు.

ఆయన ఒక్కటే అడిగాడు. గ్రీసులో ఎపిడారస్ అనే చోట రెండు వేల ఏళ్లు దాటిన రాతి మెట్ల నాటకశాల ఉంది. కింద నిలబడి గుసగుసలాడినా పై మెట్టు మీదికి వినిపిస్తుందంటారు. అక్కడ ఒక్క పద్యం పాడాలి, అంతే.

నఫీసా ఆ సాయంత్రమే టికెట్లు కొనేసింది. దారిలో జర్మనీ కోటలు రెండు చూపిస్తానంది.

"కోటలెందుకులేమ్మా. గుడ్డ మీద బొమ్మేసిన కోటలు శానా ఏలినా. నన్ను ఆ మెట్లకాడ నిలబెట్టు, సాలు."

ఎయిర్‌పోర్టు కౌంటర్లో అమ్మాయి ఆయన పాస్‌పోర్టు అటూ ఇటూ తిప్పి, యూరప్ వీసా ఏదని అడిగింది. తనకు అక్కడి సిటిజన్‌షిప్ వచ్చిన ఆరేళ్లలో నఫీసా వీసా అన్న మాటే మర్చిపోయింది. నాన్నది ఇంకా ఇండియా పాస్‌పోర్టే. ఇంత తెలివితక్కువ పని ఎవరైనా చేస్తారా? రెండు డిగ్రీలు చదివిన నఫీసా చేసింది.

వీసా ఆఫీసులో నెల దాకా ఖాళీ లేదన్నారు. ఆపరేషన్ వాయిదా వేస్తే ప్రాణానికే ముప్పన్నాడు డాక్టర్.

"తప్పంతా నాదే నాయనా," అంది.

"పోనీలే," అన్నాడాయన. తిట్టి ఉంటే నఫీసా మనసు కాస్త తేలికపడేది.

ఆపరేషన్ రోజు పొద్దున వార్డులో నఫీసా ఫోన్ పట్టుకుని బతిమాలింది. "ఒక్క పద్యం పాడు నాయనా, రికార్డ్ చేసుకుంటా."

"వద్దు. ఈ బొంగురు గొంతు దాసిపెట్టుకోవద్దు."

ఆమె ఫోన్ దించేసింది. నర్సు వచ్చి మంచాన్ని తోసుకుంటూ బయల్దేరింది. నఫీసా వెంట నడిచింది.

"కారు యాడ పెట్టినావు?" అన్నాడు బహదూర్.

"వీధిలోనే. టూ అవర్ పార్కింగ్‌లో."

"అట్లయితే ఈడ నిలబడొద్దు. పోయి మార్చుకో. టయిమ్ దాటితే ఫైన్ సీటీ అంటిస్తారు."

తలుపులు మూసుకున్నాయి. ఆయన గొంతు నఫీసా విన్నది అదే ఆఖరు. చేతిలో ఫోన్ ఉండి కూడా ఆ మాటలు రికార్డ్ చేసుకోలేదు.