ముత్తక్క వదిలేసిన మొదటి ముద్ద

తెల్లవారితే బస్సెక్కాలి. ముత్తక్కకు పొద్దుటి నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. వాకిలి ఊడ్చింది, ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చింది. కూతురి రేకుపెట్టె తెరిచి చూసి మూసింది, ఏదో మరిచినట్టు మళ్ళీ తెరిచింది. పర్ణశాల దగ్గరి ఆశ్రమ పాఠశాలలో ముత్యాలుకు పంతులమ్మ ఉద్యోగం వచ్చింది. చండ్రుగొండ నుంచి కొత్తగూడెం, అక్కడ బస్సు మారి భద్రాచలం, అక్కడ ఇంకో బస్సు.

"నువ్వు రాకమ్మా. చండ్రుగొండల బస్సెక్కియ్యి, చాలు," అంది ముత్యాలు.

ఎందుకు వద్దంటుందో ముత్తక్కకు తెలుసు. ఐదేళ్ళుగా కడుపు ఆమె మాట వినడం లేదు. ఉబ్బరం, మెలిపెట్టే నొప్పి, ఉన్నపళాన చెంబు పట్టుకుని పొదల చాటుకు పరుగు. దవాఖానాలో పరీక్షలు చేసి ప్రాణభయం లేదన్నారు, పేగులకు ఏదో తిండి పడటం లేదన్నారు. మూడేళ్ళ కింద మొగుడు జంపయ్యను జీపులో పెద్ద దవాఖానాకు తీసుకుపోతున్నప్పుడు ఆమె ఆ పొదల చాటునే ఉంది. పరుగున వచ్చేసరికి జీపు లేదు, బాట మీద దుమ్ము ఉంది. జంపయ్య మళ్ళీ రాలేదు. ఈ పిల్లనైనా బడి గడప దాకా పోయి కళ్ళారా సాగనంపాలి.

ఆ రోజే ఊళ్ళో చిక్కుడు పండుగ; కొత్త కాయను చనిపోయిన పెద్దలకు పెట్టిందాకా ఎవరూ ముట్టరు. మందులు పంచడానికి తండా నుంచి వచ్చిన నర్సు సక్రి అరుగు మీద కూర్చుంది. ముత్తక్క చేత పదేసి రోజులు మిరపకాయ, చింతపులుసు, చాయ మాన్పించి చూసింది ఆమే. దేనితోనూ ఫలం కనబడలేదు.

"ఇప్పుడెట్లుంది ముత్తక్కా?"

"నెల నుంచి మంచిగనే ఉంది నర్సమ్మా. ఏటేటా పండుగ ముందర గిట్లనే ఉంటది. పండుగైనంక మళ్ళ మొదలు." గొంతు తగ్గించింది. "ఐదేండ్ల కింద ఆకలికి తాళలేక పండుగ కాకముందే పిరికెడు కొత్త చిక్కుళ్ళు తెంపి వండుకున్న. పెద్దలు మర్వలేదు. ఏటా కోడిని కోస్తున్న, అయినా మర్వలేదు."

సక్రి నవ్వలేదు. "కోపం ఉంటే ఈ నెల మాత్రం ఎందుకు విడిచిపెడ్తరు? ఈ నెల ఏం తింటలేవు, అది చెప్పు."

ముత్తక్క చిక్కుడు పందిరి వైపు చూసింది. కాయలు గుత్తులుగా వేలాడుతున్నాయి. "ఏడాదంతా ఎండు చిక్కుడు గింజలు ఉడకేసుకుంటం. వానలు పోయేసరికి కుండ ఖాళీ. కొత్తవి కాసినా పండుగదాక ముట్టం."

"అవ్. నేను పెట్టాల్సిన పథ్యం మీ ఊరే పెట్టింది. ఇయ్యాల చిక్కుడు తినకు, రేపు బస్సెక్కి చూడు."

తినకుండా ఎట్లా? కొత్త కాయను పెద్దలకు పెట్టాక మొదటి ముద్ద ఒకే ఇంటిపేరు వాళ్ళలో పెద్ద ఆడమనిషిది. ఆమె నోట పెట్టిందాకా ఆ ఇంటిపేరున్న ఆరిళ్ళవాళ్ళు విస్తరి ముట్టరు. ఇప్పుడా పెద్ద ముత్తక్కే.

మధ్యాహ్నం బావ సీతయ్య ఆమె ముందు విస్తరి పెట్టాడు. చిక్కుడు కూర ఆవిర్లు కక్కుతోంది. ముత్తక్క చేయి కదలలేదు.

"ఏందే, మొగపెళ్ళివారి లెక్క బతిమాలాల్నా? పిల్లలు ఆకలిమీదున్నరు," అన్నాడు సీతయ్య.

"నేను తినను బావా."

చుట్టపుచూపుగా వచ్చిన ముసలమ్మ ఒకతె "బిడ్డకు నౌకరొచ్చిందని పొగరు" అని గొణిగింది.

ముత్తక్క లేచి నిలబడింది. "ఐదేండ్ల కింద తినరాని యాళ తిన్న. ఎవరికీ చెప్పలే. ఇయ్యాల తినాల్సిన యాళ తింటలేను, నా కడుపుకు పడక. రెంటికీ పెద్దలకు నేనే జవాబు చెప్పుకుంట. ముద్ద నా బిడ్డ తింటది."

సీతయ్య విస్తరి మీద చేయి అడ్డం పెట్టాడు. "చేయి మారిన ముద్ద మళ్ళ నీకు రాదు. రేపటి నుంచి నిన్ను పెద్ద అని ఎవ్వరూ అడగరు. సమజైందా?"

"అయింది."

"ఏటేటా పండుగకు ఈ పంతులమ్మ రావాలె మరి. రాకుంటే మా అందరికీ పస్తే," అన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు. ముత్యాలు తల్లి ముఖం చూస్తూ ముద్ద నోట పెట్టుకుంది.

మర్నాడు బస్సులో ముత్తక్క కిటికీ పక్కన కూర్చుని ఆగిన ప్రతిచోటా పొదలు వెతికింది. పాల్వంచ దాటాక కడుపు గుర్రుమంది. ముందు సీటు కమ్మీ పట్టుకుంది.

"ఆపమందునా?" అని అడిగింది పక్కనున్న ముత్యాలు.

"ఉండు."

చెమట పట్టింది. ఒక ఊరు దాటింది, ఇంకొకటి దాటింది. నొప్పి రాలేదు. అది తిండి గుర్రు కాదు, భయం గుర్రు. గోదావరి వంతెన మీద కూడా ఆమె కమ్మీ వదల్లేదు.

బడి చేరేసరికి పొద్దు వాలుతోంది. "ఇగ పో అమ్మా, మళ్ళ బస్సు దొరకదు," అంది ముత్యాలు.

"నువ్వు ముందు నడువు."

ముత్యాలు రేకుపెట్టె ఎత్తుకుని నడిచింది. వరండా మెట్ల దగ్గర వెనక్కి తిరిగి చూసింది. ముత్తక్క నిలబడే ఉంది.