ఎర్రమన్ను గుర్తు

కొత్త మందు ఏది వచ్చినా వెంకటప్ప గొర్రెలన్నిటికీ ఒకేసారి తాపడు. ముందు ఒక్క పిల్లను పట్టి, దానికి మాత్రమే తాపి, నడుం మీద ఎర్రమన్ను రాస్తాడు. ఇక కళ్ళన్నీ దాని మీదే. మేస్తోందా, నెమరు వేస్తోందా, పెంటికలు గట్టిగా వేస్తోందా. అది బాగుంటేనే తక్కినవాటి నోళ్ళు తెరుస్తాడు. జమ్మలమడుగు పశువుల ఆస్పత్రిలో ఇచ్చినదైనా, ప్రొద్దుటూరు అంగట్లో కొన్నదైనా అంతే.

కూతురు భారతి కాన్పుకు వచ్చి కొడుకును కన్నది. పిల్లవాడికి నెలన్నర నిండగానే ఆశా పని చేసే పెంచలమ్మ వచ్చి గడప దగ్గర నిలబడింది.

"బుధవారం టీకాలు మామా. సూదులు, పోలియో చుక్కలు, రోటా చుక్కలు."

"సూది సరే. పోలియో సరే. ఆ మూడోది ఏంది?"

"నీళ్ళ విరేచనాలు ముదరకుండా. అదీ నోట్లోనే ఏస్తారు."

"భారతికి అది ఏపిచ్చినామా? అది బతకలేదా?"

"భారతి పుట్టినప్పుడు నీకు సెల్లు కూడా లేదు కదా మామా. ఇప్పుడెందుకు జేబులో పెట్టుకొని తిరుగుతాండావు?"

లోపల అతని భార్య రామసుబ్బమ్మ నవ్వింది. వెంకటప్ప నవ్వలేదు. పులివెందుల సంతలో ఒక బేరగాడు చెప్పిన మాట అతని చెవిలోనే ఉంది. నోటి చుక్కలు వేయించిన పసిబిడ్డకు పేగు మెలిపడిందట. ఏ ఊరి బిడ్డో, ఎవరి బిడ్డో ఆ బేరగాడికీ తెలియదు. అయితే పేగు మెలిపడిన గొర్రెపిల్ల ఎట్లా చస్తుందో వెంకటప్పకు తెలుసు. పూట కూడా ఆగదు.

"మా వానికి అది వద్దు" అని దొడ్లోకి పోయాడు.

బుధవారం భారతీ, పక్కింటామె మాబున్నీ కలిసి టీకాలకు పోయారు. మాబున్ని చంకలో ఆమె మనవరాలు ఆయేషా. ఇద్దరు పిల్లలదీ ఒకే ఈడు. వాళ్ళు మలుపు తిరిగేదాకా వెంకటప్ప చూస్తూ ఉన్నాడు. ఆయేషాకు చుక్కలు పడతాయి, మనవడికి పడవు. రెండిళ్ళకూ నడుమ ఉన్నది నడుమెత్తు గోడ. చూసుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి?

తిరిగి రాగానే కూతుర్ని అడిగాడు. "ఆ చుక్కలు ఏపిచ్చలేదు కదా?"

"లేదు నాయనా" అంటూ భారతి బిడ్డ మొహం మీదికి గుడ్డ లాగి లోపలికి పోయింది.

పొద్దు వాలుతుండగా గోడ దగ్గరికి పోయాడు.

"మాబున్నీ, బిడ్డ పాలు తాగుతాండాదా?"

"తాగి కక్కుతాంది మామా."

"దొడ్డికో?"

"నీళ్ళే. ఏంది మామా, పండక్కి కూడా నోరు తెరవనోడివి, నా మనవరాలి దొడ్డి సంగతి అడుగుతాండావు?"

వెంకటప్ప తల ఊపి వచ్చేశాడు.

మర్నాడు మాబున్ని ఇంటి దండెం నిండా తడి గుడ్డలు. బిడ్డ కళ్ళు లోతుకు పోయాయి. ఏడవడానికి కూడా ఓపిక లేదు. ఆటో పిలిచి ప్రొద్దుటూరు ఆస్పత్రికి ఎత్తుకుపోయారు. కొళాయి దగ్గర ఆడవాళ్ళు గుమికూడి చూస్తున్నారు.

"నిన్న ఏసిన రోటా చుక్కల పనే ఇది" అన్నాడు వెంకటప్ప. "మా వానికి ఏపిచ్చలేదు. హాయిగా నిద్రపోతాండాడు."

ఎప్పుడూ మాట్లాడని మనిషి అన్న మాట కాబట్టి అది వీధంతా పాకింది. పెంచలమ్మ మళ్ళీ వస్తే తలుపులు తీసినవాళ్ళు లేరు. ఒకామె కిటికీలోంచే కసిరింది.

ఆయేషా కోలుకుని తిరిగొచ్చిన రోజు వెంకటప్ప ఒక గొర్రెపిల్లకు కొత్త నట్టల మందు తాపి ఎర్రమన్ను రాస్తున్నాడు. మాబున్ని ఆటో దిగి, బిడ్డను ఎత్తుకునే నేరుగా అతని దొడ్లోకి వచ్చింది.

"చుక్కలు ఏసి మా బిడ్డకు జబ్బు తెచ్చినారని చెప్పినావంట కదా మామా?"

"కండ్లతో చూసినా."

"ఏం చూసినావు? ఆ పొద్దు ఆయేషా ఒళ్ళు కాలిపోతాండె. కక్కులు కూడా. నర్సమ్మ చూసి, ఈ పొద్దు ఏమీ వద్దు, ముందు డాక్టరుకు చూపియ్యండి అని తిప్పి పంపింది. సూదీ లేదు, చుక్కా లేదు. చుక్కలు పడింది నీ మనవడి నోట్లో!"

వెంకటప్ప గడప వైపు తిరిగాడు. భారతి అక్కడే నిలబడి ఉంది.

"అవును నాయనా. చెప్తే నువ్వు పోనియ్యవని..."

మాబున్ని చూపు గొర్రెపిల్ల నడుం మీద పడింది. ఆ సాయంత్రం గోడ దగ్గర అతను అడిగిన ప్రశ్నలన్నీ ఆమెకు అప్పుడు గుర్తుకొచ్చాయి.

"ఓహో! మా ఆయేషాకు ఎర్రమన్ను పూసినావా మామా? నీ మనవడికి ముందర మా బిడ్డను పెట్టి చూసినావా?"

వెంకటప్ప చేతిలోని ఎర్రమన్ను కింద పడేశాడు. చేతులు కడుక్కోకుండానే లోపలికి పోయి ఉయ్యాల గుడ్డ తొలగించి మనవడి పొట్ట మీద వేలు ఆనించాడు. మెత్తగానే ఉంది. పొట్ట మీద ఎర్రటి వేలిముద్ర పడింది.

పెంచలమ్మను తనే పోయి పిలుచుకొచ్చాడు. "పేగు మెలిపడేది నిజమా, అబద్ధమా?"

"శానా అరుదు మామా. లేదని మాత్రం చెప్పను. కాళ్ళు కడుపులోకి ముడుచుకొని ఏడ్చినా, దొడ్డికి నెత్తురు పడినా, ఆగకుండా కక్కినా నన్ను కూడా అడగొద్దు, ఆస్పత్రికి ఎత్తుకపోండి. ఆయేషాకు వచ్చినట్లాంటి నీళ్ళ విరేచనాలు మాత్రం అరుదు కాదు. ఇంటింటికీ వస్తాయి. చుక్కలు పడినోళ్ళకు అంత ముదరవు."

ఆ తర్వాత వెంకటప్ప గొర్రెలను దగ్గరి బీడుకే తోలాడు. నడుమ నడుమ ఇంటికొచ్చి ఉయ్యాల లోకి తొంగిచూసేవాడు. పిల్లవాడు పాలు తాగాడు, నిద్రపోయాడు, ఒళ్ళు చేశాడు. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడం మీద కూడా అతనికి కొన్నాళ్ళు అనుమానం పోలేదు.

రెండో విడత చుక్కల బుధవారం వచ్చింది. ఆయేషాకు అది మొదటిది. మాబున్ని కదల్లేదు.

"జబ్బు చేసి తేరుకుంది కదా, మళ్ళా ఎందుకులే" అంది పెంచలమ్మతో. "పేగు మెలిపడతాదని ఈ మామ భయపడింది కూడా మనసులో ఉండిపోయింది. నిజమో అబద్ధమో."

"ఒకసారి వచ్చిందని మళ్ళా రాదనుకోకు" అని పెంచలమ్మ చెబుతూనే ఉంది. కొళాయి దగ్గర బిందెలు పట్టుకున్నవాళ్ళు మాబున్ని ఏం చేస్తుందా అని చూస్తున్నారు.

వెంకటప్ప మనవణ్ణి భుజానికెత్తుకుని వీధిలోకి వచ్చాడు. కొళాయి ముందు నుంచే నడిచి మాబున్ని గడప దగ్గర ఆగాడు. పిల్లవాడి అంగీ పైకి తీసి పొట్ట చూపించాడు.

"ఈసారి ఎవరిని చూసి ఎవరికి ఏపిస్తాండావు మామా?" అంది మాబున్ని ఎకసెక్కంగా.

"వీణ్ని చూసి, మీ ఆయేషాకు" అన్నాడు. "బిడ్డను ఎత్తుకో. ముందు వీనికే ఏపిస్తా."