గోడ మీది అత్తగారు

ముందుగది గోడ మీది ఫోటో అద్దాన్ని వెనిగర్ నీళ్లతో తుడిచే పని నాదే. మరక కనిపిస్తే మా ఆయన థాడియస్‌కు ఒళ్లు మండుతుంది. "మా అమ్మ మొహం మీద దుమ్మా?" అంటాడు, నా మొహం మీద చెయ్యి చేసుకున్న పూట కూడా.

ఫోటోలో మా అత్తగారు ఆర్డెలియాకు పద్దెనిమిదేళ్లు. అమెరికాలోని బర్మింగ్‌హామ్ నడివీధిలో మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని, చేతులు మెడ వెనక పెనవేసి పడి ఉంది. పైన పోలీసు లాఠీ. తెల్లవాళ్లు తినే హోటల్లో నల్లవాళ్లం మేమూ కూర్చుని తింటామని అడిగినందుకు. అలా పడటం చర్చి నేలమాళిగలో ముందే నేర్పేవారట. ఒకరు తన్నాలి, ఒకరు తన్నించుకోవాలి, తిరిగి కొట్టకూడదు.

నాకా విద్య అత్తగారే నేర్పింది. పెళ్లయిన ఏడాది థాడియస్ నన్ను వంటింటి నేల మీద పడేసి బూటుకాలితో తన్నుతుంటే, గుమ్మంలో నిలబడి, "తల కాపాడుకో వర్లీన్, మోకాళ్లు పైకి లాక్కో" అంది. కొడుకుని మాత్రం ఆపలేదు. పక్కటెముక విరిగింది, తల దక్కింది. నాకు నొప్పికన్నా సిగ్గే ఎక్కువ వేసింది.

నిన్న ఇద్దరం ఆకుకూర తరుగుతుంటే అడిగాను.

"అత్తయ్యా, అలా పడుంటే పోలీసు మారతాడని ఎలా అనుకున్నారు?"

"వాడు మారతాడని ఎవరనుకున్నారే పిచ్చిదానా. పక్కన కెమెరాల వాళ్లున్నారు. దేశమంతా చూడాలని పడ్డాం."

"మరి నా వంటింట్లో ఎవరు చూస్తున్నారు?"

ఆవిడ కత్తి ఆగింది.

ఇవాళ చర్చి నుంచి ఆడవాళ్లు ఫోటో చూడటానికి వచ్చారు. "మా అమ్మ ఒక్క దెబ్బ తిరిగి కొట్టలేదు" అని థాడియస్ ముందుగదిలో ఉపన్యాసం దంచి, టీ ఆలస్యమైందని లోపలికొచ్చాడు. "నలుగురిలో నా పరువు తీస్తావే" అని గొంతు తగ్గించి, జుట్టు పట్టుకుని నా మొహాన్ని సింకు అంచుకేసి కొట్టాడు. పెదవి చీలింది. పన్ను ఊడి నాలుక మీద పడింది. మోకాళ్లు అలవాటుగా వంగబోయాయి. వంగనివ్వలేదు. అతన్ని తోసుకుని ముందుగదిలోకి నడిచి, ఫోటో కింద నిలబడి, పన్ను అరచేతిలోకి ఉమ్మాను.

"రా థాడియస్. మిగతావి ఇక్కడ కొట్టు."

అతను గుమ్మంలో ఆగి నవ్వు తెచ్చుకున్నాడు. "జారిపడిందండీ. తనకి కంగారెక్కువ."

ఫ్రేమును ఫోటో తియ్యబోయిన ఒకావిడ ఫోన్ ఇంకా అటువైపే ఎత్తి ఉంది. అత్తగారు కుర్చీలోంచి లేచి, ఆవిడ మోచెయ్యి పట్టుకుని నా వైపు తిప్పింది.

"అది పాతదమ్మా. ఇది తియ్యి."