గురి మాస్టారి చెయ్యి జారిన రోజు

సముద్రం ఒడ్డున రైల్వే క్వార్టర్సులో పెరిగానని చెబితే చాలు, "అబ్బ, ఎంత అదృష్టమండీ!" అంటారు జనం. ఆ మాట వింటే, కూత అని అందరూ పిలిచే ఆవిడకి ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది. అదృష్టమట, అదృష్టం! కంచంలో ఇసుక, పక్కలో ఇసుక, తల దువ్వుకుంటే దువ్వెన నిండా ఇసుక. పొద్దున్న తుడిచిన తాళంకప్పకి సాయంత్రానికల్లా తుప్పు. తాగే నీళ్ళు ట్యాంకు బండిలో రావాలి, అది రాని వారం ఎవరి గ్లాసు మీద వాళ్ళు కాపలా కూర్చోవాలి. ఊరు లేదు, వీధి లేదు. ఒక ప్లాట్‌ఫారం, రెండు క్వార్టర్లు, అటు చూస్తే నీళ్ళు, ఇటు చూస్తే ఇసుక దిబ్బలు. అంతే.

ఇవన్నీ తిట్టిపోసి, ఊపిరి పీల్చుకుని, "అయినా సరే, అలాంటి చోటు ఇంకోటి ఉండదులెండి" అంటుంది. అలా అంటే ఇక ఆ రెండు రోజుల సంగతి చెప్పకుండా వదలదని ఇంట్లో అందరికీ తెలుసు.

కూత అనేది ఆమె అసలు పేరు కాదు. పుట్టగానే ఎత్తుకున్న రాగానికి వాళ్ళ నాన్న ఆఫీసు గదిలోంచి బండి వచ్చేసిందనుకుని పరిగెత్తుకొచ్చాడట. "నాకు పుట్టింది కూతురు కాదే, కూత!" అన్నాడట. అదే ఖాయమైపోయింది.

ఆ నాన్న ఆ స్టేషన్‌కి మాస్టారు. లైను పొడుగునా ఆయన్ని గురి మాస్టారు అనేవారు. అక్కడ ఉన్నది ఒకటే లైను, వచ్చే బండికీ పోయే బండికీ అదే. ఎదురుగా ఇంకో బండి లేదని డ్రైవరుకి హామీగా ఒక ఇనప గుండు ఇవ్వాలి. దాన్ని తోలు సంచిలో పెట్టి, ఆ సంచిని పెద్ద వెదురు రింగుకి కట్టేవారు. ఆగని బండి వస్తుంటే మాస్టారు ప్లాట్‌ఫారం అంచున నిలబడి రింగు పైకెత్తాలి, డ్రైవరు ఇంజన్లోంచి చెయ్యి చాపి అందులోకి దూర్చాలి. దూరిందా, బండి అలాగే దూసుకుపోతుంది. దూరలేదా, ఎంత గొప్ప మెయిలైనా బ్రేకు వేసి ఆగి తీరాల్సిందే. వేరే స్టేషన్లలో ఈ పని పోర్టర్లు చేసేవారు. ఈయన మాత్రం ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. గాలి ఈడ్చి కొడుతున్నా, వాన ముఖాన కొడుతున్నా, ఆయన ఎత్తిన రింగు తప్పిందన్న మాటే లేదు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే ఆయన ముఖం చూడాలి! పైకి "ఆఁ, ఏముందిలెండి" అనేవాడు, లోపల ఒకటే పొంగిపోయేవాడు.

కూత పొద్దున్నే పాసింజరెక్కి పట్నంలో హైస్కూలుకి వెళ్ళేది, సాయంత్రం అదే బండి తిరిగొస్తే ఇంటికి చేరేది. అంతకు ముందు ఏడాది సరిగ్గా చివరి పరీక్షల ముందు జ్వరం పట్టుకుని మంచాన పడింది. ఏడాది పోయింది. నర్సు ట్రైనింగులో చేరాలని పిల్ల ఆశ. దానికి వయసు హద్దు ఉంది, ఈసారి కూడా పరీక్ష తప్పితే ఇక ఆ గుమ్మం తొక్కే వీల్లేదు.

ఇంతలో పైవాళ్ళు కొత్త టైమ్ టేబుల్ పంపారు. పొద్దున పాసింజరు కాస్తా మధ్యాహ్నం పాసింజరైపోయింది. పరీక్ష మొదలయ్యేది పొద్దున్న. ఆ వేళకి ముందు పట్నం వెళ్ళే బండి మెయిలొక్కటే. అది ఈ స్టేషన్ ముఖం కూడా చూడదు.

పోనీ పట్నంలో ఉండి రాయిద్దామా అంటే, తెలిసినవాళ్ళది ఒకటే ఇల్లు. పెట్టె సర్దుకుని కూర్చున్నాక ఆ ఇంటి నుంచి ఫోనొచ్చింది. పిల్లలకీ పెద్దలకీ అందరికీ గవదబిళ్ళలు, ఎవరూ రావద్దు.

మాస్టారు కంట్రోల్ ఆఫీసుకి ఫోన్ చేసి, జీవితంలో మొదటిసారి తన కోసం ఒక మాట అడిగాడు. పరీక్షలు అయ్యేదాకా మెయిలు ఒక్క నిమిషం ఆపమన్నాడు. "ఇవాళ మీ అమ్మాయి పరీక్ష కోసం ఆపుతాం, రేపు మీ ఆవిడ కూరగాయల కోసం ఆపమంటారు" అని నవ్వి పెట్టేశాడు అవతలి ఆఫీసరు.

అమ్మకి చిర్రెత్తుకొచ్చింది. "ఆయనెవరండీ ఆపేది? మీ చేతిలో ఎర్రజెండా లేదూ? చూపించండి!"

"ప్రమాదం లేకుండా చూపిస్తే, రేపు నిజంగా ప్రమాదం వచ్చినప్పుడు నా జెండాని ఎవడు నమ్ముతాడే?"

"అయితే మీ నిజాయితీకి ఉప్పు రాసి ఎండలో పెట్టుకోండి, నాలుగు కాలాలపాటు నిలవుంటుంది!" అని గిన్నె నేలకేసి కొట్టినంత పని చేసింది అమ్మ. కూత అటు తిరిగి పడుకుంది. నాన్న మీద అంత కోపం దానికి ముందెప్పుడూ రాలేదు.

తెల్లారింది. అమ్మ కూతకి జడ వేసి, పెన్నూ హాల్ టికెట్టూ చేతిలో పెట్టి, "వెళ్ళి నిలబడు. ఆగితే ఎక్కు, లేకపోతే తిరిగిరా" అంది. ఆగదని ఇద్దరికీ తెలుసు.

ప్లాట్‌ఫారం కింద, బండ్లకి పట్టాలు మార్చే రెండో క్వార్టరు పాయింట్స్‌మన్ మామయ్య పట్టాల మధ్య ఇసుక ఊడుస్తున్నాడు. నాన్న కోటు గుండీలన్నీ పెట్టుకుని, రింగు పట్టుకుని వచ్చాడు. కూతురి వంక చూడకుండానే, "ఇక్కడ కాదు. ఆ చివర నీళ్ళ తొట్టి దాటి నిలబడు" అన్నాడు.

అడ్డంగా ఉన్నానని పొమ్మంటున్నాడు కాబోలు అనుకుంది కూత. ఏడుపు దిగమింగుకుని వెళ్ళి నిలబడింది.

మెయిలొచ్చింది. దుమ్మూ ఇసుకా రేపుకుంటూ ఇంజను ప్లాట్‌ఫారంలోకి దూరింది. మీసాల డ్రైవరు అలవాటుగా చెయ్యి చాపాడు. నాన్న అలవాటుగా రింగు ఎత్తాడు. చివరి క్షణంలో ఆ మోచెయ్యి మెత్తగా కిందికి దిగింది. కూత తన కళ్ళతో చూసింది. డ్రైవరు చెయ్యి గాలిని కోసుకుంటూ పోయింది, రింగు కంకర మీద పడి దొర్లింది.

కీచుమంటూ బండి ఆగింది. నీళ్ళ తొట్టికి అవతల, కూత ఎదురుగా ఒక పెట్టె తలుపు!

కిటికీల్లోంచి తలలన్నీ బయటికొచ్చాయి. డ్రైవరు దిగి వచ్చి అరిచిన అరుపులు సముద్రం హోరుని మించిపోయాయి. "ఏమయ్యా మాస్టారూ, కళ్ళు నెత్తికెక్కాయా? మెయిలు లేటైతే జవాబు ఎవరు చెప్తారు?"

ఎవరిచేతా మాట పడని మనిషి! రింగు ఏరుకుని, కంకర మీద పడుతూ లేస్తూ పరిగెత్తి, తల వంచుకుని నిలబడ్డాడు. "చెయ్యి జారిందండీ. తప్పు నాదే."

"మీకా? మీకు జారిందా?" అంటూ డ్రైవరు అటూ ఇటూ చూశాడు. అప్పుడే పాయింట్స్‌మన్ మామయ్య కూతని పెట్టెలోకి తోసేస్తున్నాడు. డ్రైవరు అది చూశాడు. రింగు లాక్కుని ఇంజనెక్కేశాడు.

పట్నం వచ్చేదాకా కూత ఏడుస్తూనే ఉంది. నాన్నని రాత్రంతా మనసులో ఎన్ని మాటలందో అన్నీ గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయింది. ఆ ఏడుపు కళ్ళతోనే లెక్కల పరీక్ష రాసింది. ఏమాటకామాటే, దంచేసింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అమ్మ అయినదానికీ కానిదానికీ నాన్నకి మంచినీళ్ళు అందిస్తూ కనిపించింది. పొద్దుట్నుంచీ ఆయన్ని ఒక్క మాట కూడా అనలేదట. అదీ వింతే. కంట్రోల్ నుంచి సంజాయిషీ అడిగారు. ఇన్నేళ్ళ సర్వీసులో మొదటి మచ్చ.

"మళ్ళీ జారిందంటే ఉద్యోగానికే ఎసరు" అని నాన్న గొంతు తగ్గించి అమ్మతో అనడం కూత చెవిన పడింది.

"నేను రేపు వెళ్ళను నాన్నా" అంది.

"నోర్మూసుకుని చదువుకో. రేపేంటి, సైన్సా?"

మర్నాడు మళ్ళీ అదే ప్లాట్‌ఫారం. ఈసారి కూత తొట్టి దగ్గరికి వెళ్ళనంటే నాన్న కళ్ళెర్రజేసి పంపాడు. ఆయన రింగుని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకోవడం అంత దూరం నుంచి కూడా కనిపించింది. దేవుడా, బండి రాకపోతే బాగుండు అనుకుంది. ఉద్యోగం పోతే ఈ క్వార్టరు ఖాళీ చేసి ఎక్కడికి పోతారు అందరూ? తన పరీక్ష కోసం ఇంత అవసరమా? వద్దు నాన్నా, వద్దు, సరిగ్గా ఎత్తు అని లోపల అరుస్తూనే ఉంది.

మెయిలు కనిపించింది. నాన్న రింగు ఎత్తాడు. ఇంజను దగ్గరికొచ్చింది. కిందికి దింపాల్సిన క్షణం వచ్చింది. అయితే దింపడానికి ఆయనకి సందే దొరకలేదు. ఎందుకంటే మీసాల డ్రైవరు చెయ్యే చాపలేదు. రెండు చేతులూ లోపలే పెట్టుకుని, ఎన్నడూ చూడనట్టు సముద్రం వైపు చూస్తూ దాటిపోయాడు.

బండి కీచుమని ఆగింది. రింగు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది నాన్నకి. దింపాలన్న ధ్యాసే లేదు.

డ్రైవరు తీరిగ్గా దిగి నడిచొచ్చి, ఆ చేతిలోంచి రింగు తనే తీసుకున్నాడు. "రాసుకోండి మాస్టారూ. ఇవాళ తప్పు నాది. మీరు సరిగ్గానే ఎత్తారు, నాకే పరాకు. గార్డుగారు కూడా చూశారు, సాక్షి సంతకం పెడతానన్నారు."

నాన్న కోటు జేబులు తడుముకున్నాడు, రుమాలు దొరకలేదు.

డ్రైవరు పెట్టె మెట్టు మీద బిక్కచచ్చి నిలబడ్డ కూత వైపు తిరిగాడు. "ఏమ్మా, ఇవాళ్టిది కాక ఇంకెన్ని పరీక్షలున్నాయి?"

కూత నాన్న వంక చూసింది.

"చెప్పవే, పెద్దాయన అడుగుతున్నారు కదా!" అని గద్దించాడు నాన్న.

"నాలుగండీ" అంది కూత.

"నాలుగేనా?" అన్నాడు డ్రైవరు ఇంజను వైపు నడుస్తూ. "ఇంకేం, నేను కాక ఈ లైన్లో మెయిలు నడిపేవాళ్ళు కూడా నలుగురే!"