పీరాసాబు ఏడ్చి చూపిన ఇంగ్లీషు

శిరివెళ్ల ఆటో వచ్చి ఆగేసరికే పీరాసాబు రెండుసార్లు ఏడ్చి ఉన్నాడు. ఒకసారి ఎల్‌కేజీ కవలల కోసం, ఇంకోసారి టిఫిన్ డబ్బా మరిచిపోయిన పిల్ల కోసం.

ఆళ్లగడ్డలో ఆ ఇంగ్లీషు మీడియం బడి గేటు దగ్గర అతని పని అదే. ఏడుస్తూ వచ్చిన పిల్లల ముందు గొంతుక్కూర్చుని వాళ్లకంటే గట్టిగా ఏడుస్తాడు. తెల్లగడ్డం ఊగుతుంది. పళ్లులేని నోరు చెవుల దాకా సాగుతుంది. ఈ ముసలాయనకు ఏం కష్టమొచ్చిందోనని చూస్తూ పిల్లలు తమ ఏడుపు మరిచి లోపలికి పోతారు.

దీపిక దగ్గర మాత్రం ఈ ఎత్తు పారలేదు. నాలుగేళ్ల పిల్ల. అతని వేలు పట్టుకుంటేనే గేటు దాటుతుంది, క్లాసు గుమ్మం దాకా వదలదు. బడిలో చేరి నెలైనా అంతే.

రేపటి నుంచి ఆ వేలు ఉండదు. పోయిన వారం శిరివెళ్ల పోవాల్సిన పిల్లను పీరాసాబు అహోబిలం ఆటో ఎక్కించాడు. కళ్లు మసకలు. మలుపు తిరగకముందే ఆటోను ఆపారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. తానే పోయి పని మానేస్తానని చెప్పాడు. సాయంత్రం బస్సుకు నంద్యాలలో కూతురి ఇంటికి ప్రయాణం. ఈలోపల దీపిక ఒక్కతే నడవడం చూడాలి, అంతే అతని కోరిక.

ఆటో దిగిన దీపికను చూసి చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. "ఏలు ఎలక ఎత్తకపాయ పాపా. నువ్వే పో."

పిల్ల నమ్మలేదు. అతని చుట్టూ తిరిగి వేలు వెతికి పట్టుకుంది. ఓడిపోయి వెంట నడిచాడు.

పదకొండింటికి జెస్సీ మిస్ దీపిక క్లాసుకు పిలిపించింది. బోర్డు మీద ఐదు మాటలు రాసి ఉన్నాయి. క్రై, వీప్, సాబ్, వెయిల్, యెల్. పిల్లల ముందు ఏడ్చి చూపడం ఆమెకు సిగ్గు. అందుకే ఏటా ఈ పాఠానికి పీరాసాబే. క్రై అంటే మామూలుగా ఏడ్చాడు. సాబ్‌కు ఎక్కిళ్లు పెట్టాడు. వెయిల్‌కు ఎవరో పోయినట్టు రాగం తీశాడు. యెల్ అనగానే ఛాతీ నింపుకుని "అహోబిలం, అహోబిలం, అహోబిలం" అని అరిచాడు. కిటికీలో పిచ్చుకలు లేచిపోయాయి.

బడికి రాకముందు ముప్పయ్యేళ్లు బస్టాండు బయట అహోబిలం జీపుల్లోకి అట్లాగే జనాన్ని పిలిచాడు. ఆఖరి జీపుకు అరిచే అరుపు కాస్త వేరుగా ఉండేది. అది విని రెండు వీధుల అవతల అతని భార్య ఎసరు పెట్టేది. ఇల్లు చేరేసరికి అన్నం పొగలు కక్కుతుండేది. ఆమె పోయాక ఆఖరి అరుపూ మామూలు అరుపే అయింది.

"వీప్ మిగిలింది పీరన్నా," అంది మిస్.

ఏటా ఆ మాటను కళ్లు నలిపి దాటేసేవాడు. సప్పుడు లేని ఏడుపు జీపుల కాడ పనికిరాదని నవ్వించేవాడు. ఈసారీ నవ్వించబోయాడు. నోరు తెరిచేలోపే కళ్ల నీళ్లు గడ్డంలోకి దిగాయి.

"తాత సౌండ్ చేయల్యా మిస్," అంది ముందు బెంచీలో ఒక పిల్ల. మిస్ బోర్డు వైపు తిరిగింది.

దీపిక బెంచీ దిగి వచ్చింది. కూర్చోమన్నట్టు అతని చొక్కా కిందికి లాగింది. జుట్టులో నుంచి గులాబీరంగు క్లిప్పు తీసి అతని గడ్డానికి పెట్టింది.

"ఏడ్వద్దు తాతా. ఇది పెట్టుకో. రేపు మళ్లా ఇచ్చెయ్."

వేలు పట్టుకుని అతన్ని గేటు దాకా తీసుకుపోయింది. అక్కడ వదిలి, "నేను పోతాండా," అని ఒక్కతే క్లాసుకు పరుగెత్తింది. వెనక్కి తిరిగి చూడలేదు.

సాయంత్రం ప్రతి పిల్లనూ ఊరు రెండుసార్లడిగి ఆటో ఎక్కించాడు. అందరూ పోయాక క్లిప్పు తనకిస్తే రేపు పాపకిస్తానంది ఆయా హేమలత. పీరాసాబు ఇవ్వలేదు.

"ఆ పిల్ల చెయ్యి యాడిదాకా అందుతాదో చూపిచ్చు," అన్నాడు. ఆమె చూపించింది.

నంద్యాల బస్సు కదిలేటప్పటికి బడి దగ్గర ఎవరూ లేరు. గేటు ఊచకు, నాలుగేళ్ల చెయ్యి అందేంత ఎత్తులో, గులాబీరంగు క్లిప్పు, దాని పళ్ల మధ్య ఒక తెల్లవెంట్రుక.