ఎవర్నడిగి ఆపారు?

మా వదిన చెయ్యి రోలర్ కింద నలుగుతుంటే సూపర్‌వైజర్ పెద్దాఫీసుకి ఫోన్ చేస్తూ నిలబడ్డాడు. ఎవరో చెప్పగా విన్నది కాదు, కళ్లారా చూశాను.

మాది ఆస్పత్రుల దుప్పట్లు ఉతికే కంపెనీ. ఒక్క షెడ్డుగా ఉన్నప్పుడు ఓనరు మా మధ్యే తిరిగేవాడు. ఇస్త్రీ రోలర్ దగ్గర ఏ తేడా వచ్చినా, చూసినవాళ్లం చూసినట్టే స్విచ్చు ఆపేసేవాళ్లం. తర్వాత కంపెనీ పెరిగి నాలుగు షెడ్లయింది. ఓనరు ఊరవతల పెద్దాఫీసు కట్టుకుని అందులో కూర్చున్నాడు. స్విచ్చులకి తాళాలు పడ్డాయి. మిషన్ ఆపాలంటే అక్కణ్ణించే మాట రావాలట. సూపర్‌వైజర్‌ని ఏం అడిగినా "అడిగి చెప్తా" అంటాడు. అందుకే అతన్ని 'అడిగిచెప్తా' అని పిలుచుకుంటాం. రోలర్ ముందు చేతులకి అడ్డంగా ఉండే కడ్డీ వదులైందని మూడుసార్లు చెప్పాం. మూడుసార్లూ అడిగి చెప్తానన్నాడు.

ఆ రోజూ అంతే. "సార్ మీటింగ్‌లో ఉన్నారట" అన్నాడు, ఫోన్ చెవి నుంచి తియ్యకుండానే. మిషన్లు బాగుచేసే ఫిట్టరన్న స్పానర్‌తో తాళం పగలగొట్టి మిషన్ ఆపాడు. అప్పటికే వదిన నాలుగు వేళ్లు పోయాయి. మర్నాడు కాగితం వచ్చింది. అనుమతి లేకుండా మిషన్ ఆపినందుకు ఫిట్టర్‌ని పనిలోంచి తీసేశారట. సిగ్గుండాలి రాసినవాడికి.

మధ్యాహ్నం షెడ్డు వెనక తడి బుట్టల మధ్య అందరం కూర్చున్నాం. వదిన కూడా చేతికి కట్టుతో ఆస్పత్రి నుంచి నేరుగా వచ్చేసింది. అందరికంటే పాతవాడైన చాకిరేవు తాత గొంతు సవరించుకున్నాడు.

"ముందు పెద్దాఫీసుకి అర్జీ పెడదాం. పని ఆపడానికి పర్మిషన్ ఇమ్మని అడుగుదాం."

ఒక్కరూ నవ్వలేదు. సగం మంది తలలూపారు. నేనైతే కాగితం కూడా తీశాను. అంతగా పట్టింది మాకు ఆ అడిగే జబ్బు.

"నా చెయ్యి పోతుంటే ఆయన ఫోన్‌లో అడుగుతూ నిలబడ్డాడు" అంది వదిన. "ఇప్పుడు మీరూ అడుగుతూ కూర్చుంటారా?"

కాగితం మడిచేశాను. తాత తల దించుకున్నాడు. రేపు ఎవర్నీ అడక్కుండానే రోలర్ ఆపేద్దామని తేల్చుకున్నాం.

"అయితే మనం తేల్చింది మిగతా షెడ్లకి పంపుదాం. వాళ్లూ అదే చేస్తారు" అన్నాడు దుప్పట్లు మోసే వ్యాన్ డ్రైవర్.

"వద్దురా" అన్నాడు ఫిట్టరన్న. "మనకి రోలర్ గండం. వాళ్లకి ఆవిరి గది, ఇంకోచోట ఇంకోటి. ఎక్కడ చెయ్యి కాలుతుందో అక్కడివాళ్లకే తెలుసు. జరిగింది చెప్పిరా, చాలు. ఏం చెయ్యాలో వాళ్లే తేల్చుకుంటారు. ఆఫీసు ఊరవతల కూర్చుని ఏలితే తప్పు, మనం ఏలితే ఒప్పా?"

మర్నాడు పొద్దున రోలర్ ఆపేశాం. గంటలో ఓనరు వచ్చాడు, వెనకే పోలీసు జీపు.

"ఎవర్నడిగి ఆపారు?"

"మమ్మల్ని మేమే అడిగి ఆపాం" అంది వదిన.

ఫిట్టరన్నని జీపెక్కించారు. అతనొక్కణ్ణి పట్టుకుపోతే మిగతావాళ్లం చెల్లాచెదురవుతామని వాళ్ల లెక్క. కంపెనీని ఒక్క కుర్చీలోంచి నడిపేవాడికి మేమూ అలాగే నడుస్తున్నట్టు కనిపించాం. జీపు కదులుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే వెళ్లి రోలర్ ముందు కూర్చున్నాను. నా పక్కన తాత, తాత పక్కన అందరూ.

సాయంత్రానికి మిగతా మూడు షెడ్లూ ఆగిపోయాయి. ఒకచోట ఆవిరి గది తలుపుకి లోపల్నుంచి కూడా తీసుకోగలిగే గడియ పెట్టేదాకా కదలమన్నారు. ఇంకోచోట బట్టల సోడా కలిపేవాళ్లు చేతి తొడుగులు అడిగారు. మూడోచోట బరువు బుట్టలకి చక్రాలు కావాలన్నారు. అందరూ ఒకేలా అన్న మాటలు మాత్రం రెండు: తాళాలు తియ్యాలి, ఫిట్టర్‌ని వదలాలి.

మూడోరోజు అడిగిచెప్తా వచ్చాడు. చొక్కా నలిగిపోయింది, మొహం పీక్కుపోయింది. ఒక్కో షెడ్డు నుంచి ఒక్కో మాట వినేసరికి పెద్దాఫీసుకి ఏం పాలుపోవడం లేదట.

"మీ నాయకుడెవరో చెప్పండి. నాలుగు షెడ్ల సంగతీ ఒక్కడితో తేల్చేస్తామంటున్నారు సార్."

వదిన కట్టున్న చేత్తోనే ఒక బుట్ట బోర్లించి అతని ముందుకి తోసింది.

"ఈ షెడ్డు సంగతైతే మీ సార్‌నే రమ్మనండి. ఇదిగో, ఇక్కడ కూర్చోవాలి. మిగతా మూడు షెడ్లకీ ఆయనే వెళ్లాలి. ముందు మాత్రం ఫిట్టర్‌ని వెంటబెట్టుకు రమ్మనండి."