వల మీద కూర్చున్నవాళ్లం

దగ్గరికి రండర్రా. ఫోన్లు పక్కన పెట్టి, పనికి పోయేవాళ్లూ చదువుకునేవాళ్లూ అందరూ వినండి. నా చదువు మూడో తరగతితో ఆగింది గానీ, చూసింది మరిచిపోను.

మా అమ్మాయి వాళ్లుండేది అమెరికాలో, ఎడిసన్‌లో. వాళ్ల బేస్‌మెంట్‌లో హర్షవర్ధన్ అద్దెకుంటూ ఎం.ఎస్. చదువుతున్నాడు. మొన్న ఆదివారం అతనూ, నా మనవరాలు దియ, నేనూ సముద్రం ఒడ్డుకి వెళ్లాం. మేం భావనపాడు జాలరివాళ్లం. సముద్రాన్ని చూసి ఏళ్లయింది కదా అని గంగమ్మకి కుంకుమ భరిణె పట్టుకెళ్లాను.

నీటి అంచున తెగిపోయిన వలలో పెద్ద తాబేలు కొట్టుకుంటోంది. నైలాను తాళ్లు మెడలోకి కోసుకుపోయాయి. ఆ జాతి అంతరించిపోతోందని దియ ఏడ్చింది. పుచ్చకాయ కోయడానికి తెచ్చుకున్న కత్తితో హర్ష తాళ్లు కోశాడు. మా ఊళ్లో వలలో పడిన తాబేలుకి బొట్టు పెట్టి సాగనంపుతాం. నేనూ అదే చేశాను. తడికి కుంకుమ డిప్ప మీదుగా కారింది. తాబేలు ఈదుకుంటూ వెళ్లిపోయింది.

కుక్కను తిప్పుతున్న తెల్లావిడ దూరం నుంచి ఎరుపు చూసింది, కత్తి చూసింది, మా రంగు చూసింది. ఇంకేం కావాలి? పోలీసులు వచ్చి, ఒక్క ముక్క అడక్కుండా హర్షకి బేడీలు వేశారు. తాబేల్ని చంపాడట!

"కేసు పడితే నా వీసా పోతుంది అమ్మమ్మా," అన్నాడు వాడు.

ఇంతలో ఆ ఒడ్డునే ఉన్న చేపల కంపెనీ మేనేజరు ట్రక్కు దిగి, ఆ వల తమదేనని, పట్టుకుపోతానని అన్నాడు. వాణ్ని ఎవరూ ఏమీ అడగలేదు. మావాడి చేతికి బేడీలు, వాడి చేతికి వల! తాబేలు ఎటూ వెళ్లిపోయింది. ఇక ఉన్న సాక్ష్యం ఆ వలే. నేను వెళ్లి దాని మీద కూర్చున్నాను.

పక్కన పిక్నిక్‌లో ఉన్న తెలుగు సంఘం పెద్ద సూర్యప్రకాశరావు పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటండీ ఈ సీన్! సారీ చెప్పి వల ఇచ్చేయండి. కమ్యూనిటీ పరువు పోతోంది."

"బేడీలు నీకేసారేటి బాబూ, నీ పరువు పోడానికి?"

"అమ్మమ్మా, పోలీసులు లేవమంటున్నారు," అంది దియ. "నువ్వు లేవకు." తనూ కూర్చుంది.

ఆ కంపెనీలోనే చేపలు ప్యాకింగ్ చేసే ఆడవాళ్లు, అప్పుడే షిఫ్టు దిగి, రబ్బరు బూట్లతో వచ్చారు. వాళ్ల దగ్గర మా ఊరి వాసనే. అందులో మాయ అనే మెక్సికో పిల్ల వల అంచున నంబరేసి ఉన్న పసుప్పచ్చ బిళ్ల తిప్పి చూసింది. ఆమె మాటలు దియ నాకు చెప్పింది.

"ఈ బిళ్ల నేనే కట్టాను. తుఫానుకి ముందే వల ఎత్తమని చెప్పాం. వినలేదు."

"రేపట్నుంచి పనిలోకి రాకు," అని అరిచాడు మేనేజరు.

"రేపు మేమెవరమూ రాం!" అని మాయ నా పక్కన కూలబడింది. వెనకే మిగతా ఆడవాళ్లు. పిక్నిక్‌కొచ్చి దూరంగా నిలబడ్డ మన స్టూడెంట్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మన వీసాలు కూడా పోతాయేమోరా," అన్నాడు శశికాంత్.

"పోతే అందరివీ పోతాయి, రా," అని రిషిత చెయ్యి పట్టి లాక్కొచ్చింది.

పోటు నీళ్లు నడుం దాకా వచ్చినా ఎవరం లేవలేదు. చివరికి పోలీసులు బిళ్ల నంబరు రాసుకుని, వలని సాక్ష్యంగా తీసుకోక తప్పలేదు. హర్షని మాత్రం తీసుకుపోయారు.

గురువారం కోర్టు. ఆ ఆడవాళ్లు పనిలోకి వెళ్లక ఫ్యాక్టరీ మూతపడి ఇవాళ్టికి మూడో రోజు. మీరంతా రావాలి. రాలేనివాళ్లు కనీసం ఈ కథ మరో పదిమందికి చెప్పండి. తాబేలు మీద ఉన్నది కుంకుమ. నెత్తురు అంటింది ఆ కంపెనీ వలకి.